యంత్రముతోపాటు వ్రాత కూడా మారవలెను

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు మనము చేసే పనులలో ఒకటి పాత పంచాంగమును తీసి పక్కన పెట్టి, కొత్తదానికి పసుపు కుంకుమ పెట్టి చదివించుకోవడము. పాత పంచాంగము తప్పుడు పుస్తకమేమీ కాదు. నిన్నటివరకు దానిని చూచియే ముహూర్తములు పెట్టుకొన్నాము. అయినా ఈ ఉదయమునుండి అది పనికి రాదు. ఆకాశము ముందుకు నడిచినది, పుస్తకము నిలిచిపోయినది. ఆ సంగతి వ్రాసినవారికీ తెలుసు, కొన్నవారికీ తెలుసు. పుస్తకము అట్టమీదనే సంవత్సరము పేరు అచ్చువేసి ఉంటుంది గనుక ఎవరూ మోసపోరు.

ఈనాడు మేము చెప్పదలచినది ఇటువంటిదే మరియొక వ్రాతను గురించి. కంప్యూటరు లోపల ఆపరేటింగ్ సిస్టమునకు, డివైస్ డ్రైవరునకు మధ్య ఒక ఒప్పందము ఉంటుంది. ఆ ఒప్పందమును వివరించి వ్రాసిపెట్టిన పుటలు ఉంటవి. ఒప్పందము మారుతూ పోతుంది. పుటలు చాలాచోట్ల మారవు. ఎప్పటివో తెలిపే గుర్తు కూడా తరచుగా వాటిమీద ఉండదు. నమ్మి చదివినవాడు చిక్కులో పడతాడు. ఈ వ్రాతను ఎప్పటికప్పుడు సరిగా ఉంచడము ఎట్లు, అది ఎవరి పని, అందులో మన పిల్లలు చేయగలిగినది ఏమైనా ఉన్నదా అన్నవి నేటి విషయములు.

పండుగ సభలో ఇదేమి ప్రసంగమని పెద్దలు అనుకోవచ్చును. కాని తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతములనుండి ఇంజనీరింగు చదివి చెన్నపట్టణమునకు, బెంగుళూరుకు, సముద్రము దాటి కూడా పోతున్న పిల్లలలో అనేకులకు కంప్యూటరే కూడు పెట్టే విద్య. వారు దినమంతా కూర్చుని చేసే పనిలో కష్టము ఎక్కడ ఉన్నదో ఇంటిలోని పెద్దలకు కొంతయినా తెలియడము మంచిదని మా అభిప్రాయము.

మొదట డ్రైవరు అంటే ఏమిటో చూతము. కంప్యూటరుకు ప్రింటరు తగిలిస్తాము. కెమేరా, మైకు, తెర, వైఫై చిప్పు ఉంటవి. ఒక్కొక్కటి ఒక్కొక్క కంపెనీ చేసినది, ఒక్కొక్కదాని భాష వేరు. ఆపరేటింగ్ సిస్టముకు గర్భగుడివంటి భాగమును కెర్నెలు అంటారు. ఆ కెర్నెలు తాను ఈ భాషలన్నీ నేర్చుకోదు. ఒక్కొక్క రకము పరికరమునకు ఒక్కొక్క దుబాసీని పెట్టుకుంటుంది. ఆ దుబాసీయే డివైస్ డ్రైవరు.

దుబాసీకి రెండు వైపులా మాట తెలియవలెను. పరికరముతో ఎట్లు మాట్లాడవలెనో దానిని చేసిన కంపెనీ చెప్పవలెను. కెర్నెలుతో ఎట్లు మాట్లాడవలెనో కెర్నెలువారు చెప్పవలెను. ఏ పనికి ఏ పేరుతో పిలవవలెను, పిలిచేటప్పుడు ఏమేమి చేతికి ఇవ్వవలెను, తిరిగి ఏమి వస్తుంది, పిలిచిన పని ముగిసేవరకు ఆగి కూర్చుండవచ్చునా కూడదా, వాడుకొన్న మెమరీని చివరకు ఎవరు వదిలిపెట్టవలెను, ఇవన్నీ నియమములు. ఈ నియమముల మొత్తమునకే ఇంటర్ఫేసు అని పేరు. వాటిని విడమరచి వ్రాసినదే ఇంటర్ఫేసు డాక్యుమెంటేషను. మన మాటలో వివరణ అందాము.

ఈ నియమములలో తేడా వస్తే ఏమవుతుంది? మామూలు ప్రోగ్రాములో తప్పు దొర్లితే ఆ ప్రోగ్రాము ఒక్కటే పడిపోతుంది. డ్రైవరు సాధారణముగా కెర్నెలు ఇంటిలోనే కూర్చుని పనిచేస్తుంది గనుక దానిలో తప్పు దొర్లితే యంత్రమంతా పడిపోవచ్చును. 2024 జులై 19వ తేదీ మీకు జ్ఞాపకము ఉండవచ్చును. క్రౌడ్‌స్ట్రయిక్ అనే అమెరికా కంపెనీ తన భద్రతా ప్రోగ్రామునకు ఒక సవరణ పంపగా, ప్రపంచములో సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు కూలినవని మైక్రోసాఫ్టు లెక్క చెప్పినది. మన దేశములో కూడా విమానాశ్రయములలో బోర్డింగు పాసులు చేతితో వ్రాసి ఇచ్చినారు. తరువాత ఆ కంపెనీయే విచారణ జరిపి కారణము ప్రకటించినది. ఒక నిర్వచనములో 21 అంశములు వస్తవని ఉన్నది. వాటిని అందించే భాగము 20 మాత్రమే అందించినది. 21వ దానికోసము కెర్నెలులో కూర్చున్న ప్రోగ్రాము లేనిచోట చేయి పెట్టినది. ఒప్పందములో 21, చేతలో 20. ఆ ఒక్కదాని తేడావలన ఇంత జరిగినది. ఒప్పందమును రెండు పక్షములవారు ఒకే విధముగా చదువుకోకపోతే ఎంత నష్టమో దీనివలన తెలుస్తున్నది.

యంత్రముల సంగతి దూరముగా తోచేవారు మన తిరుత్తణి కొండను తలచుకొనండి. తిరుత్తణి ఎక్కడ ఉన్నది? 1888లో సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు అక్కడ జన్మించిన నాటికి అది మద్రాసు రాజధానిలోని ఉత్తర ఆర్కాడు జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడగా తిరుత్తణి అందులో చేరినది. 1953 అక్టోబరు 1న అది ఆంధ్ర రాష్ట్రము. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్. పటాస్కర్‌గారి సిఫారసుల పిమ్మట 1959లో సరిహద్దు మార్పుల చట్టము వచ్చి, 1960 ఏప్రిల్ 1 నుండి తిరుత్తణి మద్రాసు రాష్ట్రములో చెంగల్పట్టు జిల్లాకు పోయినది. అదే చట్టముతో తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాలలోని కొన్ని గ్రామములు సత్యవేడు వైపు ఆంధ్రలోనికి వచ్చినవి. 1969లో మద్రాసు రాష్ట్రము తమిళనాడు అయినది. 1997లో తిరువళ్ళూరు పేరనే జిల్లా ఏర్పడి తిరుత్తణి అందులో చేరినది.

ఇన్ని మార్పులలో కొండ ఒక్క అడుగు కదలలేదు. మెట్లు 365 అట్లాగే ఉన్నవి. స్వామి అక్కడే ఉన్నాడు. మారినది చిరునామా. ఏ కచేరీకి పోవలెను, ఏ భాషలో అర్జీ వ్రాయవలెను, ఏ జిల్లా పేరు పెట్టవలెను అన్నది మారినది. కంప్యూటరులోని పరికరము ఈ కొండవంటిది. కెర్నెలు ఇంటర్ఫేసు ఆ చిరునామావంటిది. ప్రింటరు మారకపోయినా దానిని చేరుకొనే దారి మారుతుంది.

మన ఇండ్లలో చిత్తూరు జిల్లా అని తెలుగులో వ్రాసిన పాత దస్తావేజులు ఉండవచ్చును. అవి అబద్ధములు కావు. వాటిమీద తేదీ ఉన్నది గనుక, ఆ తేదీకి ఆ మాట నిజమని ఎవరైనా గ్రహిస్తారు. ఏ ప్రాంతము ఎటు పోయినదో 1959 చట్టము అనుబంధములలో పట్టిక వేసి ఇచ్చినారు గనుక, పాత మాటనుండి కొత్త మాటకు దారి ఉన్నది. తేదీ చిరిగిపోయిన కాగితము, పట్టిక లేని మార్పు, ఈ రెండే మనిషిని తప్పు కచేరీకి పంపిస్తవి. ఈ సంగతిని మనసులో ఉంచుకొని కంప్యూటరు వైపు తిరుగుదాము.

లినక్సు కెర్నెలును ఉదాహరణగా తీసుకొంటాము. 1991 ఆగస్టు 25న ఫిన్లండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ తాను ఒక ఆపరేటింగ్ సిస్టము వ్రాస్తున్నానని లోకమునకు తెలిపినాడు. నేడు ఆండ్రాయిడు ఫోనులలో పనిచేస్తున్న కెర్నెలు అదే. సుమారు తొమ్మిది పది వారములకు ఒకసారి దాని కొత్త విడుదల వస్తుంది. ఒక్కొక్క విడుదలలో పదివేలకు మించిన మార్పులు చేరుతవి. వాటిలో పెద్ద భాగము డ్రైవర్లదే. పంచాంగము ఏడాదికి ఒకసారి మారితే, ఇది ఏడాదికి అయిదారుసార్లు మారుతున్నది.

ఈ కెర్నెలుకు రెండు ముఖములు ఉన్నవి. మామూలు ప్రోగ్రాములకు చూపే బయటి ముఖము మారకూడదని టోర్వాల్డ్స్ పట్టుదల. నిన్న నడిచిన ప్రోగ్రాము రేపు కూడా నడవవలెను. డ్రైవర్లకు చూపే లోపలి ముఖము మాత్రము ఎప్పుడైనా మారవచ్చును. ఈ మాటను వారు దాచలేదు. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ వ్రాసిన ఒక పుట కెర్నెలుతోపాటే వస్తుంది. లోపలి ఇంటర్ఫేసును స్థిరముగా ఉంచుతామని మేము మాట ఇవ్వము, ఇవ్వకూడదు కూడా అని దాని సారాంశము. యూఎస్‌బీ భాగమును కనీసము మూడుసార్లు తిరిగి కట్టవలసి వచ్చినదని అందులో ఉదాహరణ ఇచ్చినాడు. మంచి దారి తెలిసిన తరువాత కూడా పాత దారినే మోస్తూ ఉంటే తప్పులు, భద్రతా లోపములు పేరుకుపోతవని వారి వాదన. అది సబబుగానే తోచుచున్నది. అయితే ఇంటర్ఫేసును మార్చినవాడే, కెర్నెలులో చేరి ఉన్న డ్రైవర్లన్నిటినీ దానికి తగినట్లు సరిదిద్దవలెనని వారి ఆచారము.

ఇక్కడనే అసలు చిక్కు ఉన్నది. మార్చినవాడు డ్రైవర్లను సరిదిద్దకపోతే కంపైలరు ఊరుకోదు, పని అక్కడనే ఆగిపోతుంది. వివరణను సరిదిద్దకపోతే ఏమీ ఆగదు. యంత్రము నడుస్తూనే ఉంటుంది. ఫిర్యాదు చేసేవారు ఉండరు. మూడేళ్ళ తరువాత ఎక్కడో ఒక కుర్రవాడు ఆ పుటను చదివి నమ్మేవరకు తప్పు బయటపడదు.

ఒక ప్రసిద్ధ గ్రంథము సంగతి చూడండి. ‘లినక్స్ డివైస్ డ్రైవర్స్’ అనే పుస్తకము ఈ విద్యకు బాలశిక్షవంటిది. మొదటి కూర్పు 1998లో అలెసాండ్రో రూబిని వ్రాసినాడు. 2001లో రెండవ కూర్పుకు జొనాథన్ కార్బెట్ తోడైనాడు. 2005లో మూడవ కూర్పుకు క్రోవా-హార్ట్‌మన్ కూడా చేరినాడు. మూడవ కూర్పు 2.6.10 అనే కెర్నెలును వర్ణిస్తుంది. వ్రాసినవారు ముగ్గురూ ఆ విద్యలో ఆరితేరినవారు. పుస్తకమును ఎవరైనా ఉచితముగా చదువుకొనేటట్లు ఇచ్చినారు. ఏ కెర్నెలుకు చెందినదో స్పష్టముగా చెప్పినారు. అంతకంటె నిజాయతీ ఏమి కావలెను? అయినా కెర్నెలు ముందుకు నడిచిపోయినది.

పరికరమునకు ప్రత్యేక ఆజ్ఞలు పంపే ఐఓసీటీఎల్ అనే ద్వారమును ఆ పుస్తకము నేర్పిన పద్ధతిలో పెడితే, 2010 అక్టోబరులో వచ్చిన 2.6.36 కెర్నెలు మొదలు అది చెల్లదు. ఇల్లంతటికీ ఒకే తాళము వేసినట్లు ఉండే పాత ఏర్పాటు మీద ఆ ద్వారము ఆధారపడినది. ఆ పెద్ద తాళమునే 2011లో పూర్తిగా తీసివేసినారు. ప్రోక్ అనే సమాచార స్థలములో పుట తెరిచే పాత పిలుపు 2013లో పోయినది. గడియారము పెట్టుకొనే పద్ధతి 2018 జనవరిలో వచ్చిన 4.15 నాటికి మారిపోయినది. ఆ గడియారమును ఆపే పిలుపు పేరు ‘డెల్ టైమర్ సింక్’ అని ఉండేది. 2023లో ‘టైమర్ డిలీట్ సింక్’ అనే కొత్త పేరు వచ్చినది, 2025లో పాత పేరును తొలగించినారు. ఈ పేర్లు పెద్దలకు అక్కరలేదు. మన పిల్లవాడు కళాశాల గ్రంథాలయములో ఆ పుస్తకము తీసుకొని, చెప్పినది చెప్పినట్లు టైపు చేస్తే, ఒక్క అభ్యాసము కూడా నేరుగా నడవకపోవచ్చునని గ్రహిస్తే చాలును. వాడు తన బుద్ధినే అనుమానిస్తాడు గాని పుటను అనుమానించడు. ఇంగ్లీషు ధారాళముగా రాని పల్లెటూరి పిల్లవాడు మరింత త్వరగా తనను తాను తక్కువ చేసుకొంటాడు. వివరణ పాతబడడములో మాకు అన్నిటికంటె బాధ కలిగించే సంగతి ఇదే.

పేరు మారినప్పుడు కంపైలరు తప్పుపట్టి ఆపుతుంది. ఒకటి రెండు దినములు పోతవి, అంతే. పేరు మారకుండా అర్థము వేరుగా ఉన్నప్పుడు ఇంతకంటె పెద్ద అపాయము. దీనికి ఒక మంచి ఉదాహరణ ఉన్నది. ప్లాట్‌ఫారమ్ డ్రైవర్లు అనే తరగతి డ్రైవర్లలో, పరికరమును తొలగించేటప్పుడు కెర్నెలు ‘రిమూవ్’ అనే పనిని పిలుస్తుంది. ఆ పని చివర ఒక అంకెను తిరిగి ఇవ్వవలెనని నిర్వచనములో ఉండేది. అంకె ఇవ్వమన్నారు గనుక, తప్పు అంకె ఇస్తే తొలగింపు ఆగుతుందని కొందరు డ్రైవరు రచయితలు అనుకొన్నారు. మధ్యలో ఏదైనా చిక్కు వస్తే తప్పు అంకె ఇచ్చి వెనుకకు వచ్చేసినారు. నిజానికి కెర్నెలు ఆ అంకెను పట్టించుకోదు. తొలగింపు జరిగిపోతుంది. తీసుకొన్న మెమరీ, ఇతర వనరులు విడుదల కాకుండా మిగిలిపోతవి. కంపైలరుకు ఇందులో తప్పు కనపడదు.

దీనికి కెర్నెలువారు చేసిన చికిత్స గమనింపదగినది. ‘ఈ అంకెను ఎవరూ చూడరు, జాగ్రత్త’ అని వివరణలో ఇంకొక వాక్యము చేర్చి ఊరుకోలేదు. వందలకొలది డ్రైవర్లను ఒక్కొక్కటిగా సరిదిద్దుకొంటూ వచ్చి, 2024లో ఆ నిర్వచనమునుండి అంకెనే తీసివేసినారు. ఇక తిరిగి ఇవ్వడానికి ఏమీ లేదు గనుక అపోహకు చోటు లేదు. పది హెచ్చరికలు వ్రాయవలసి వచ్చినచోట ముందు ఒప్పందమునే సరిచేయవచ్చునేమో చూడవలెనని దీనివలన నేర్చుకోవచ్చును.

వివరణలు ఎందుకు వెనుకబడతవి? సోమరితనము ఒక్కటే కారణము కాదు. మార్పు చేసినవానికి ఆ సంగతి అప్పటికే తెలుసు, చదువుకోవలసిన అవసరము వానికి లేదు. అవసరము ఉన్నవానికి మార్పు జరిగిన సంగతే తెలియదు. వ్రాత ఒకచోట, యంత్రపు మూలగ్రంథము ఒకచోట ఉంటే, ఒకదానిని ముట్టుకొన్న చేయి రెండవదానివరకు పోదు. పైగా కొత్త డ్రైవరు వ్రాసినవానికి పేరు వస్తుంది, జీతము పెరుగుతుంది. పాత పుటను సరిదిద్దినవానిని ఎవరూ సన్మానించరు. లినక్సు మాన్యువలు పుటలను 2004 నుండి అనేక సంవత్సరములు మైకేల్ కెరిస్క్ చూచుకొన్నాడు. పిమ్మట ఆ భారము మోసిన అలెహాంద్రో కొలొమార్, ప్రతిఫలము లేకుండా ఈ పని సాగించలేనని 2024 సెప్టెంబరులో ప్రకటించి ఆపినాడు. కొన్ని కంపెనీలు ధనసహాయము చేసిన మీదట తిరిగి సాగించినాడు. ఎన్నో యంత్రముల వెనుక ఉన్న మాన్యువలు ఒక్క మనిషి ఓపికమీద నిలిచి ఉన్నదన్నమాట.

మరి మార్గము ఏమి? ఇప్పటికి ఫలితము ఇచ్చినవి కొన్ని ఉన్నవి.

మొదటిది, వ్రాతను యంత్రపు మూలము పక్కననే ఉంచడము. కెర్నెలులో ఒక్కొక్క పిలుపు పైననే దాని వివరణను ఒక నిర్ణీత పద్ధతిలో వ్రాస్తారు. దీనికి కెర్నెల్-డాక్ అని పేరు. పిలుపును మార్చేవాని కంటికి వివరణ ఎదురుగానే ఉంటుంది. 2016లో వచ్చిన 4.8 కెర్నెలు మొదలు, ఈ ముక్కలను సేకరించి చక్కని గ్రంథముగా కూర్చే కొత్త ఏర్పాటు కూడా చేసుకొన్నారు. మార్పులు పంపేవారు సరిచూచుకోవలసిన జాబితాలో, అందరూ వాడే పిలుపులకు వివరణ వ్రాయవలెనన్న నియమము ఉన్నది.

రెండవది, దస్తావేజుకు తేదీ వేసినట్లు వివరణకు తేదీ, స్థితి చెప్పడము. 1971 నవంబరు 3న కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ వెలువరించిన మొదటి యూనిక్సు మాన్యువలులో పుటమీదనే తేదీ ఉండేది. తెలిసిన లోపములను చెప్పుకొనే శీర్షిక కూడా పెట్టుకొన్నారు. లినక్సులో, కెర్నెలు బయటి ప్రోగ్రాములకు చూపే ముఖమును గురించిన వివరణలను నాలుగు అరలలో ఉంచుతారు: స్థిరమైనవి, పరీక్షలో ఉన్నవి, కాలము చెల్లుతున్నవి, తొలగించినవి. స్థిరమైన వాటిని కనీసము 2 సంవత్సరములు నిలుపుతామని మాట ఇస్తారు. ఒక్కొక్కదానికి తేదీ, కెర్నెలు సంఖ్య, అడగవలసిన మనిషి ఎవరు అన్నవి వ్రాస్తారు. తొలగించినదానికి కూడా ఒక అర ఉంచడము మాకు మిక్కిలి నచ్చినది. పాత దస్తావేజు పట్టుకొని వచ్చినవానికి అక్కడ సమాధానము దొరుకుతుంది.

మూడవది, యంత్రము చేయగలిగిన తనిఖీని యంత్రముచేతనే చేయించడము. పిలుపునకు అయిదు అంశములు ఉండి వివరణలో నాలుగే వ్రాస్తే హెచ్చరించే పనిముట్లు ఉన్నవి. ఏ బోర్డుమీద ఏ పరికరము ఎట్లు అమర్చి ఉన్నదో చెప్పే డివైస్ ట్రీ వివరణలు పూర్వము మామూలు వచనములో ఉండేవి. 2018 తరువాత వాటిని యంత్రము చదివి సరిపోల్చగల రూపములోనికి మార్చుతూ వచ్చినారు. వ్రాతకు, వస్తువుకు పొసగకపోతే ఇప్పుడు పరీక్షలో తేలిపోతుంది.

అయితే యంత్రపు తనిఖీ పేరులవరకే, లెక్కలవరకే. ఈ పిలుపును ఏ తాళము పట్టుకొని పిలవవలెను, ఎప్పుడు పిలవకూడదు, ఆగి కూర్చుండవచ్చునా, ఇచ్చిన మెమరీని ఎవరు విడువవలెను అన్న మాటలు నిజమా కాదా అన్నది మనిషే చదివి, చేసి చూచి తేల్చవలెను. నూట ఏబది ఏండ్ల క్రిందట చెన్నపట్టణములో చింతామణి రఘునాథాచార్యులవారు చేసిన పని ఇటువంటిదే. ఆయన నుంగంబాకములోని మద్రాసు నక్షత్రశాలలో సహాయకుడు. 1867లో ఒక చలన కాంతి నక్షత్రమును కనుగొన్నవాడు. 1874లో శుక్రగ్రహము సూర్యబింబమును దాటడమును గురించి మన దేశభాషలవారికి తెలియజెప్పినవాడు. పూర్వపు వాక్యములతో గుణించిన తిథికి, ఆకాశములో కనపడేదానికి కొన్ని గంటల తేడా వస్తుందని ఎరిగి, దృష్టికి సరిపోయే గణితముతో దృగ్గణిత పంచాంగమును ప్రచురించినాడు. వాక్య పద్ధతిని ఆచారముగా పాటించేవారు నేటికీ ఉన్నారు, వారి భక్తికి మాకు గౌరవమే. కాని కంప్యూటరు వివరణకు ఆచారము లేదు. దానికి ఆకాశము వంటిది నడుస్తున్న కెర్నెలు ఒక్కటే. దానితో సరిచూడని వ్రాత ఎంత పెద్దవారు వ్రాసినదయినా చెల్లదు.

ఇక ఇది ఎవరి పని అన్న ప్రశ్న. దీనికి సమాధానము తిరువళ్ళూరు స్టేషనులోనూ, తిరుత్తణి స్టేషనులోనూ ఎప్పటినుండియో ఉన్నది. రైల్వేవారి 1976 జనరల్ రూల్సులో ఒక నియమము ఉన్నది. నియమముల పుస్తకము ఇవ్వబడిన ప్రతి ఉద్యోగి, వచ్చిన సవరణలన్నిటినీ దానిలో ఎక్కించి ఉంచుకోవలెను. పైవారు అడిగినప్పుడు చూపవలెను. పుస్తకము పోయినా చెడిపోయినా వేరొకటి తెచ్చుకోవలెను. తన క్రిందివారికి కూడా సవరణలు అందినవో లేదో చూడవలెను. కరెక్షన్ స్లిప్పు వచ్చినది, దానిని అతికించలేదు అంటే అక్కడ క్షమాపణ లేదు. సిగ్నలు మార్చినవారు ఒకరు, బండి నడిపేవారు ఒకరు. ఇద్దరి పుస్తకములలో ఒకే మాట ఉన్నందుననే మనము అరక్కోణము దాటి క్షేమముగా ఇల్లు చేరుతున్నాము. పుస్తకమును సరిగా ఉంచుకోవడము గుమాస్తా పని అని రైల్వే ఎన్నడూ అనుకోలేదు. బండి నడపడములో అది ఒక భాగము. కంప్యూటరువారు కూడా దానిని అట్లాగే ఎంచవలెనని మా మనవి. ఇంటర్ఫేసు మార్చినవాడు ఆ మార్పుతోపాటే వివరణను కూడా మార్చి పంపవలెను. సరిచూచే పెద్దలు వివరణ లేని మార్పును తిప్పి పంపవలెను.

ఈ పనిలో మన పిల్లలు చేయగలిగినది చాలా ఉన్నది. కెర్నెలులో ప్రవేశము దొరకడము కష్టమని అనేకులు భయపడతారు. కాని వివరణలో తప్పు చూపి సరిదిద్దిన చిన్న మార్పును కూడా వారు తీసుకొంటారు. దానికి పద్ధతి ఉన్నది: ఒక పుటను తీసుకొనవలెను, అందులో చెప్పినది తన యంత్రముమీద చేసి చూడవలెను, నడవకపోతే మూలములో ఏమి మారినదో, ఏ విడుదలలో మారినదో వెదకవలెను, సరిదిద్దిన మాటను కారణముతో సహా వ్రాసి, తన సంతకము పెట్టి పంపవలెను. దీనికి గొప్ప యంత్రము అక్కరలేదు. ఓపిక, నిజము చెప్పాలన్న పట్టుదల కావలెను. ఇట్లు ఒక పది పుటలు సరిదిద్దినవానికి డ్రైవరు విద్య సగము వచ్చినట్లే.

తెలుగులో వ్రాయవలదా అని మీరు అడుగుతారు. కెర్నెలు వివరణలకు చైనీ, జపాను, కొరియా, ఇటలీ, స్పానిషు భాషలలో అనువాదములు చేరి ఉన్నవి. తెలుగు వాటి నడుమ కానరాదు. మనకు ఉత్సాహము పుట్టడము సహజము. కాని అనువాదమునకు రెండు విధముల ముదిమి ఉన్నది. మూలము కెర్నెలుకంటె వెనుకబడవచ్చును, అనువాదము మూలముకంటె వెనుకబడవచ్చును. ఏ అనువాదము ఎంత వెనుక ఉన్నదో లెక్క చెప్పే పనిముట్టును కెర్నెలువారు 2024లో చేర్చుకొన్నారంటే ఈ చిక్కు ఎంతటిదో తెలుస్తుంది. అందుచేత నూరు పుటలు ఒక్కసారిగా తెలుగు చేసి అచ్చువేసి మరచిపోవడముకంటె, పిల్లలకు ముఖ్యమైన ఒక్క పుటను తెలుగు చేసి, తలమీద తేదీ, కెర్నెలు సంఖ్య వేసి, ప్రతి విడుదలకు తిరిగి చూచుకొంటూ ఉండడము మేలు. అయిదు సంవత్సరములు అట్లా నిలిపితే రెండవ పుటకు మనకు అర్హత వస్తుంది.

ఈ సంఘము తరపున మేము ఒక చిన్న సూచన చేస్తున్నాము. తిరువళ్ళూరులో, తిరుత్తణిలో ఇంజనీరింగు చదువుతున్న మన పిల్లలను నలుగురైదుగురిని చేర్చి, నెలకు ఒక ఆదివారము, ఈ పనిలో అనుభవము ఉన్న అన్నలు, అక్కలు వారితో కూర్చుండవలెను. ఒక్క పుట చదవవలెను, ఒక్క పరీక్ష చేయవలెను. తప్పు దొరికితే సరిదిద్ది పంపవలెను, దొరకకపోతే ఈ తేదీకి ఇది సరిగా ఉన్నదని వ్రాసి ఉంచవలెను. పుట తప్పు కావచ్చును, నీ బుద్ధి తప్పు కాకపోవచ్చును అన్న ధైర్యము ఆ పిల్లలకు కలిగితే, ఈ ప్రసంగము ఫలించినట్లే.

 ఈ నూతన సంవత్సరము మీ కుటుంబములకు ఆయురారోగ్యములను, పిల్లలకు విద్యను, వారి విద్యకు నిలకడను కలిగించుగాక. నమస్కారములు.